గోలెంలో పుట్టిన చేపలు

బర్రెలను అమ్మేసి ఏళ్లు గడిచినా గోలెం మాత్రం మా వాకిట్లోనే ఉండిపోయింది. సిమెంటుతో పోసిన గుండ్రటి తొట్టి అది. నలుగురు పట్టుకుంటే తప్ప కదలదు. కుడితి తాగే బర్రెలు పోయాక దాంట్లో వాన నీళ్లు, ఎండుటాకులు తప్ప ఏమీ ఉండేవి కావు. వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ మోకాలికి కొట్టుకునేది. పగలగొట్టి పారెయ్యమని నేను మొత్తుకోని పండుగ లేదు. మా అత్తమ్మ భారతమ్మ ఒప్పుకునేది కాదు. బర్రెలు పోయినా వాటి గుర్తు ఉండాలంటుంది. ఇప్పుడు దాన్ని పగలగొడతామని ఎవరైనా వస్తే ముందు నన్ను దాటి పోవాలి.

ఇది సకల జనుల సమ్మె నాటి సంగతి. మాది షంషాబాద్ దగ్గర సాతంరాయి. బెంగుళూరు రోడ్డు మా ఇంటికి ఎంత దగ్గరంటే, బస్సు బ్రేకు వేసిన చప్పుడు మా వంటింట్లోకి వినిపిస్తుంది. మా ఆయన ఉపేందర్ సిటీ బస్సు డ్రైవరు. నేను ఎయిర్‌పోర్టు దగ్గర, విమానాల్లోకి భోజనాలు పంపే వంటశాలలో చెంచాలూ ఫోర్కులూ కాగితపు రుమాళ్లలో చుట్టే పని చేసేదాన్ని. విమానం ఎక్కింది లేదు గానీ, విమానంలో తినేవాళ్లలో సగం మంది చెంచా నా చేతి మీదుగా పోయిందే. మాకు ఒక్కతే బిడ్డ, అనుపమ. అప్పుడు రెండో తరగతి.

ఆ వానాకాలంలో ఉపేందర్ బస్సు కింద పడి ఒక ముసలామె చనిపోయింది. ఎవరి తప్పూ లేదు. ఆమె దిగింది, కండక్టరు రెండు విజిళ్లు వేశాడు, బండి కదిలింది. ఆమె చేతిలోని ఆకుకూరల మూట జారి చక్రం వైపు దొర్లితే వంగిందట. విచారణలో కూడా అదే రాశారు, డ్రైవరు తప్పు లేదని. చుట్టాలొచ్చి అదే చెప్పారు. నేనూ అదే చెప్పాను, పొద్దునా సాయంత్రం మందు వేసినట్టు. ఆయన వినేవాడు, తల ఊపేవాడు. ఒక్కసారి మాత్రం అన్నం ముందు కూర్చుని, "బండి జర ఎగిరింది. గుంతల పడ్డదనుకున్న" అన్నాడు. ఆ తరువాత ఆ సంగతి ఎత్తలేదు.

ప్రమాదం తరువాత పెట్టిన సెలవు అయిపోయాక ఒకరోజు డ్యూటీకి పోయాడు. సీట్లో కూర్చుని తాళం తిప్పలేక దిగి వచ్చేశాడు. డిపోలో కళ్లు తిరిగాయని చెప్పాడు. అసలు సంగతి నాకొక్కదానికే చెప్పాడు. మర్నాటి నుంచి బస్సులన్నీ సమ్మెలోకి పోయాయి. ఊళ్లలో బస్సులు ఆగింది తెలంగాణ కోసం. మా ఆయన బస్సు ఒకరోజు ముందే ఆగింది. ఆ ఒక్కరోజు లెక్క ఊరికి తెలియదు, మా అత్తమ్మకూ తెలియదు.

రోడ్డు పక్కన సమ్మె శిబిరం వేశారు. ఉపేందర్‌ను కూడా పిలిచి, ముందు వరుసలో కూర్చోబెట్టి, మెడలో బంతిపూల దండ వేశారు. అత్తమ్మ ఆ వేళ వాడకట్టంతా తిరిగి చెప్పుకుంది. ఆయన మాత్రం అరగంటకే ఇంటికి వచ్చి, దండ తీసి స్కూటర్ హ్యాండిల్‌కు తగిలించి లోపలికి పోయాడు. మళ్లీ శిబిరం వైపు వెళ్లలేదు. ఆ దండ అక్కడే ఎండింది. ఎందుకంటే స్కూటర్ కూడా ముట్టుకోవడం మానేశాడు. షంషాబాద్ దాకా పనుంటే నడిచే పోయేవాడు. అడిగితే, పెట్రోలు దండుగ అనేవాడు.

సమ్మె గెలవాలని అందరితో పాటు నేనూ మొక్కాను. దాంతో పాటు ఇంకో మొక్కు కూడా లోపల ఉండేది, సమ్మె అయిపోయిన రోజున ఈయన మళ్లీ బండెక్కాలని. ఎక్కకపోతే ఏం చేస్తావని ఒకసారి అడిగేశాను. గేటు దగ్గర కూర్చునే పని ఏదైనా అడుగుతానన్నాడు. ఆ పని తక్కువదని కాదు నా బాధ. బస్సు మీద ఉన్నప్పుడు ఆయన వేరే మనిషి. మలుపు తిరిగేటప్పుడు స్టీరింగ్‌తో పాటు భుజం కూడా తిప్పేవాడు, నడిపేది ఒంటితోనా అన్నట్టు. ఆ మనిషి నాకు మళ్లీ కావాలి. అంతే.

అలాంటప్పుడు విలాయత్ అలీ వచ్చాడు. ఆయన అదే డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. షంషాబాద్ బజారు సందులో రంగు చేపల దుకాణం పెట్టుకున్నాడు. ఉపేందర్ ఆయన్ను చాచా అని పిలుస్తాడు. బొగ్గు గనులు కూడా సమ్మెలో ఉన్నాయి కాబట్టి కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియని రోజులు. చాచా చేతిలో రెండు సీసాలున్నాయి. ఒకదాంట్లో పొడుగు రెక్కల నీలం చేప, మగది. ఇంకోదాంట్లో మట్టి రంగుది, చిన్నది, ఆడది. వాటిని ఫైటర్లు అంటారట. నీళ్లలోకి మోటారు ఊదే గాలి ఆగి దుకాణంలోని చేపలన్నీ ఒక్కొక్కటే పోతున్నాయనీ, ఇవి మాత్రం పైకొచ్చి మనలాగే గాలి పీల్చుకుని బతుకుతాయనీ చెప్పాడు. తరువాత గోలెం వైపు చూశాడు.

"ఖాళీగనే ఉన్నవ్ గద బేటా. పిల్లలను చేయించు" అన్నాడు.

మగమనిషి ఇంట్లో కూర్చుంటే చేపలకు కాన్పులు చేయాలన్నమాట అని నేను లోపలి నుంచి అన్నాను. చాచా నవ్వాడు. ఉపేందర్ నవ్వలేదు గానీ సీసాను ఎండలోకి ఎత్తి చూశాడు. వానాకాలం తరువాత ఆయన ఒక వస్తువును అంతసేపు చూడటం అదే మొదలు.

మర్నాడు గోలెం తోమాడు. సబ్బు వేయొద్దని చాచా చెప్పాడట. ఇటుక ముక్కతో, కొబ్బరి పీచుతో పాకుడంతా గీకాడు. అనుపమ లోపల దిగి, ఆయన బయట నిలబడి, ఇద్దరూ ఒళ్లంతా పాకుడే. బోరు నీళ్లు పట్టి, రెండు మూడు రోజులు ఎండకు వదిలేశారు. జానెడు లోతే పోశారు. పిల్లలు పుడితే ఎక్కువ లోతు పనికిరాదట. ఎండిన బాదం ఆకు ఒకటి నీటి మీద వేశారు. నీళ్లు పలుచటి టీ రంగులోకి తిరిగాయి. బడులు కూడా బందే కాబట్టి పిల్లకు అదే బడి అయింది. డబ్బాల్లో నిలిచిన నీళ్లలోంచి దోమ పిల్లలను పట్టుకొచ్చి చేపలకు మేపేది. మా సందులో దోమలు తగ్గాయంటే నమ్మండి.

ఆడ చేపకు పొట్ట ఉబ్బాక అసలు పని మొదలైంది. రెంటినీ ఒకేసారి వదిలితే మగది ఆడదాని రెక్కలు చీల్చేస్తుంది. ముందు అద్దం చాటు నుంచి చూపించాలి. అందుకు చాచా చెప్పిన ఉపాయం, లాంతరు గాజు చిమ్నీని నీళ్లలో నిలబెట్టి ఆడదాన్ని అందులో వదలడం. ఇంట్లో ఉన్నది ఒక్క చిమ్నీ. కరెంటు లేని ఆ రోజుల్లో మా వంటింటి దీపానికి ఆధారం అదే. అది కాస్తా గోలెంలోకి పోయింది. చేపల పెళ్లికి దీపం ఆర్పిన ఇల్లు మాదేనని నేను రోజూ సాధించేదాన్ని. మైనపు వత్తి వెలుగులో అన్నం తింటూ అత్తమ్మ కూడా నాతో కలిసి సాధించేది. అత్తాకోడళ్లం ఒక మాట మీద ఉన్నది ఆ వారమే.

చిమ్నీ చుట్టూ తిరిగి తిరిగి నీలం చేప బాదం ఆకు కింద నోటితో బుడగలు పెట్టింది. సబ్బు నురుగులాంటి గూడు. గూడు దళసరయ్యాక ఉపేందర్ చిమ్నీని మెల్లగా పైకి లేపాడు. పొద్దంతా ఆ రెండూ ఒకదాన్నొకటి చుట్టుకున్నాయి. చుట్టుకున్నప్పుడల్లా తెల్లటి గుడ్లు, ఉప్మా రవ్వంత, నీళ్లలోకి రాలేవి. మగది కిందికి దూకి, ఒక్కొక్కటే నోట్లోకి తీసుకుని, పైకి తెచ్చి బుడగల్లోకి ఊదేది. ఒకటి పెడుతుంటే ఇంకోటి రాలేది. మళ్లీ కిందికి పోయేది. అయిపోగానే ఉపేందర్ ఆడదాన్ని తీసి సీసాలో వేశాడు. తియ్యకపోతే గుడ్ల దగ్గరికి వచ్చిందని మగది దాన్ని చంపేస్తుందట. ఇక నుంచి పెంపకమంతా తండ్రిదే.

నేను డ్యూటీ అయి కంపెనీ వ్యాను దిగి వచ్చేసరికి తండ్రీ కూతుళ్లు గోలెం అంచున గడ్డాలు ఆనించి ఉన్నారు. ఉపేందర్ నన్ను రమ్మని సైగ చేశాడు.

"కింద పడ్డదాన్ని ఇడిశిపెడ్తలేడు, చూడు" అన్నాడు.

వ్యాను తాలూకు దుమ్ము కడుక్కోవాలని చెప్పి లోపలికి పోయాను. లోపల నిలబడి కాసేపు ఏడ్చాను. ఏడుపు ఎందుకో నాకు బాగా తెలుసు.

రెండు రోజులకు గుడ్లు పగిలాయి. గూడు కింద తోకలు వేలాడేసుకుని దారపు ముక్కల్లాంటి పిల్లలు. జారిపడితే తండ్రి మళ్లీ తెచ్చి పెట్టేవాడు. అనుపమ లెక్కపెట్టబోయి ప్రతిసారీ మధ్యలో తప్పి, చాలా ఉన్నాయని తేల్చింది. ఉడికించిన గుడ్డు పచ్చసొనను పలుచటి బట్టలో కట్టి నీళ్లలో ఎలా పిండాలో ఆమెకు ఆయన నేర్పాడు. ఆ పిండేటప్పుడు చూశాను, చేతితో పాటు ఆయన భుజం కూడా తిరుగుతోంది. నా మొక్కు సగం తీరిందనుకున్నాను.

ఈలోగా సద్దుల బతుకమ్మ వచ్చింది. ఆ ఏడాది బస్సులు లేని బెంగుళూరు రోడ్డు మీదే ఆడాలని ఆడవాళ్లందరూ అనుకున్నారు. ఉపేందర్ ఎక్కడెక్కడో నడిచి తంగేడు, గునుగు పూలు కోసుకొచ్చాడు. అత్తమ్మ గునుగు కొసలను కత్తిరించి, కట్టలు కట్టి, బేసిన్లలో రంగుపొడి కలిపి ముంచింది. గులాబీ, నీలం, ఆకుపచ్చ. పేర్చేటప్పుడు మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని, బతుకమ్మను నీళ్లలో ఎందుకు వదులుతామో చెప్పింది. ఆ పూలు నీళ్లను శుభ్రం చేస్తాయి, నీళ్లలోని జీవాలకు మేలు చేస్తాయి. మా అత్తమ్మకు వాళ్లమ్మ చెప్పిన మాటే. మా అమ్మా నాకు చెప్పింది. రంగు వేయని పూల కాలంలో పుట్టిన మాట అది. అనుపమకు వేరేగా ఒక చిన్న బతుకమ్మను పేర్చి ఇచ్చాం.

రోడ్డు మీద ఆడి, చీకటి పడుతుండగా ఊరి కుంటకు పోయాం. కుంటలో నీళ్లకంటే బురదే ఎక్కువ. ప్లాస్టిక్ కవర్లు తేలుతున్నాయి. నా బతుకమ్మ, అత్తమ్మ బతుకమ్మ వదిలేశాం. అనుపమ మాత్రం తనది ఇవ్వలేదు. దాన్ని ఎదకు హత్తుకుని ఇంటి దాకా మోసింది. సద్దుల ప్రసాదం పంచుకునే హడావిడిలో నేను ఆ సంగతే మరిచిపోయాను. ఉపేందర్ మేత కోసమని నడిచి చాచా దుకాణానికి పోయి ఇంకా రాలేదు. కరెంటు లేదు. వాకిలి చీకటిగా ఉంది.

తెల్లారి వాకిలి ఊడ్చి నీళ్లు చల్లుదామని వచ్చి చూస్తే, గోలెంలో నీళ్లు వంకాయ రంగులో ఉన్నాయి. మధ్యలో అనుపమ బతుకమ్మ, సగం విడిపోయి తేలుతోంది. తంగేడు పూల మధ్య పిల్లలన్నీ తేలుతున్నాయి. ఒక్కటి కూడా కదలడం లేదు. నీలం చేప మాత్రం ఒక మూల బాదం ఆకు కింద నోరు పైకి పెట్టి గాలి పీలుస్తోంది. అంత చిన్న పిల్లలకు పైగాలి పీల్చడం ఇంకా రాదని ఉపేందర్ ముందే చెప్పాడు.

నేను పిలవకముందే ఆయన వచ్చి నా వెనక నిలబడ్డాడు. అత్తమ్మ వచ్చి చూసి, నెత్తి మీద చెయ్యి పెట్టుకుని గడప మీద కూలబడింది. నేనే చెప్పిన, నేనే చెప్పిన, మేలు చేస్తయని నేనే చెప్పిన అని గొణుగుతూనే ఉంది. ఆ మాటలు లోపలికి వినబడ్డాయి. నిద్ర లేచి వచ్చిన పిల్ల ఒక్కసారి గోలెంలోకి చూసి, చప్పుడు లేకుండా వెనక్కి పోయి మంచం కింద దూరింది.

ఉపేందర్ నీలం చేపను సీసాలోకి తీశాడు. బతుకమ్మను తీసి గోడ పక్కన పెట్టాడు. నీళ్లను బకెట్‌తో తోడి, పిల్లలతో సహా, జామచెట్టు మొదట్లో గుంత తీసి పోశాడు. మట్టి కప్పాడు. అంతా అయ్యాక చేతులు కడుక్కుని లోపలికి పోయి, మంచం ముందు నేల మీద కూర్చున్నాడు. నేను పిల్ల కోసం అటుకులు పట్టుకుని తలుపు దగ్గరే ఆగిపోయాను.

"తెలిసి చేసినవా బిడ్డా?"

"లేదు" అని మంచం కింద నుంచి.

"మరి? తెల్వక చేసినదానికి ఎవలేమంటరు?"

"ఎవలేమనకున్నా అవి సచ్చిపోయినయ్ గద బాపూ."

మేమంతా వానాకాలం నుంచి ఆయనకు చెప్పిన మాటను ఆయన పిల్లకు చెప్పాడు. ఆయన మాకు చెప్పలేకపోయిన జవాబును పిల్ల ఆయనకు చెప్పింది.

"అవ్. సచ్చిపోయినయ్" అన్నాడు.

"ఇగ నేను గోలెం ముట్ట."

"ముట్టకపోతే ఎట్ల? గా పెద్దది బతికే ఉన్నది. దానికి మేత ఎవరేస్తరు?"

"నువ్వెయ్యి. నువ్వు బస్సు ముడ్తలేవు గద. స్కూటర్ గూడ ముడ్తలేవు. నేనెందుకు ముట్టాలె?"

నా చేతిలో గిన్నె ఉన్నదన్న సంగతి కూడా మరిచాను. సమ్మె కాబట్టి బాపు ఇంట్లో ఉన్నాడని మేము చెప్పాం. ఆమె నమ్మిందనుకున్నాం. మంచం కింద పిల్ల ఏడుపు ఆపి ఎదురు చూస్తోంది, బాపు ఏమంటాడా అని. బాపు లేచి, నా పక్క నుంచి బయటికి పోయి, స్కూటర్ హ్యాండిల్ మీద ఎండిపోయిన బంతిపూల దండను తీసి పెంటకుప్ప మీద వేశాడు. తరువాత గోలెం తోమడం మొదలుపెట్టాడు.

దసరా రోజు అత్తమ్మ స్కూటర్‌కు పసుపు కుంకుమ పెట్టి, చక్రం కింద నిమ్మకాయ ఉంచింది. ఏటా పెట్టేదే. ఏటా డిపోలో ఆయన బస్సుకు కూడా పెట్టేవాళ్లు. ఉపేందర్ స్కూటర్ స్టార్ట్ చేశాడు. నిమ్మకాయ చితికిన చప్పుడుకే ఆగిపోయి, కిందికి వంగి చూశాడు. మళ్లీ స్టార్ట్ చేసి సందు చివరి దాకా పోయి వచ్చాడు. దిగేసరికి చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది. నేను మంచినీళ్లు ఇచ్చాను గానీ నోరు మూసుకునే ఉన్నాను. నాకు నోరు మూసుకోవడం ఎంత కష్టమో మా వాడకట్టుకు తెలుసు. మర్నాడు పెద్ద రోడ్డు దాకా పోయాడు. ఆ తరువాత ఒకరోజు చాచా దుకాణానికి స్కూటర్ మీదే పోయాడు. ఎడ్లబండి కూడా ఆయన్ను దాటిపోయి ఉంటుంది.

అనుపమ ఇదంతా గడప మీద కూర్చుని చూసేది. గోలెం దగ్గరికి మాత్రం రాలేదు. మేత వేయాలంటే పొడుగు గరిటె తెచ్చి, దూరం నుంచి చెయ్యి చాచి వేసేది. ఉపేందర్ బలవంతపెట్టలేదు. ఒక్కడే నీళ్లు పట్టాడు, ఒక్కడే ఆకు వేశాడు, మళ్లీ చిమ్నీ అడిగి తీసుకున్నాడు. ఈసారి నేను సాధించలేదు. చిమ్నీ తోమి మరీ ఇచ్చాను.

బస్సుల సమ్మె విరమిస్తున్నారని సాయంత్రం వార్తల్లో చెప్పారు. ఉపేందర్ విని, బయటికి పోయి గోలెంలోంచి చిమ్నీ లేపేసి వచ్చి పడుకున్నాడు. పొద్దున నేను ఖాకీ చొక్కాకు బొగ్గుల ఇస్త్రీ చేసి కుర్చీ మీద పెట్టాను, వేసుకోమని చెప్పలేదు. స్నానం చేసి వచ్చి వేసుకున్నాడు. గుండీలు పెట్టుకుంటూ గోలెం దగ్గర నిలబడ్డాడు. నీలం చేప గూడు కట్టేసి ఉంది. ఆడది దాని కిందికి పోతూ వస్తూ ఉంది.

"ఇయ్యాల గుడ్లు పెడ్తది. అయిపోంగనే ఆడదాన్ని తియ్యాలె. లేకుంటే గాడు సంపుతడు. వలతోని వద్దు, రెక్కలు చినుగుతయ్. చేతులతోనే తియ్యాలె" అన్నాడు. నాకు చెప్పినట్టూ ఉంది, గోలెంకు చెప్పినట్టూ ఉంది. గడప మీద కూర్చున్న పిల్ల వైపు చూడలేదు. "నేను డ్యూటీల ఉంట" అన్నాడు.

ఆ ఒక్క మాట కోసమే నేను ఆ సమ్మెకాలమంతా కాచుకున్నాను. అయినా నమ్మకం కుదరలేదు. డ్యూటీకి అని పోయి తిరిగొచ్చిన రోజు నాకు గుర్తుంది. ఆ రోజు నాకు సెలవు లేకపోయినా వ్యాను వస్తే ఒంట్లో బాగాలేదని పంపించేశాను. పొద్దెక్కాక పిల్లను తీసుకుని రోడ్డు మీదికి పోయి బస్టాపు దగ్గర నిలబడ్డాను. ఒక బస్సు వచ్చింది, ఆయన కాదు. ఇంకోటి వచ్చింది, ఆయన కాదు. కూరగాయల బండి దగ్గర ఏదో బేరం చేస్తున్నట్టు నటించాను.

ఆ తరువాత వచ్చిన బస్సులో స్టీరింగ్ వెనక ఉపేందర్ ఉన్నాడు. బస్సు ఆగింది. జనం దిగారు, ఎక్కారు. కండక్టరు రెండు విజిళ్లు వేశాడు. బస్సు కదల్లేదు. మళ్లీ వేశాడు. కదల్లేదు. అనుపమ నా కొంగు పట్టుకుంది.

డ్రైవరు తలుపు తెరుచుకుంది. ఉపేందర్ దిగాడు. దిగి వెళ్లిపోతాడనుకున్నాను. ముందు చక్రం దగ్గర వంగి చూశాడు. నడుచుకుంటూ పోయి వెనక చక్రం దగ్గర కూడా వంగి చూశాడు. లోపలి నుంచి ఎవరో, ఈ డ్రైవరుతో పోతే వచ్చే సమ్మెకు చేరుకుంటామని వెటకారం చేశారు. నలుగురు నవ్వారు. ఆయన పట్టించుకోలేదు. మా వైపు కూడా చూడలేదు. ఎక్కి కూర్చున్నాడు. బస్సు మెల్లగా కదిలి, షంషాబాద్ వైపు పోయింది. మలుపు దగ్గర భుజం తిప్పాడో లేదో నాకు కనబడలేదు. కళ్లు అంత నిండిపోయాయి.

"చూసి పోయిండమ్మా" అంది అనుపమ.

ఇంటికి వచ్చేసరికి గోలెంలో గుడ్లు పెట్టడం అయిపోయింది. గూడు నిండా తెల్లటి చుక్కలు. నీలం చేప ఆడదాన్ని గోలెం చుట్టూ తరుముతోంది. ఆడదాని తోక అప్పటికే ఒక పక్క చిరిగి ఉంది. కూర వండటానికి తప్ప చేపను ముట్టిన చెయ్యి కాదు నాది. బతికున్న చేప వేళ్లలో జారితే నాకు ఒళ్లు జలదరిస్తుంది. అయినా చీర ఎగ్గట్టి చెయ్యి పెట్టాను. అది నా వేళ్ల సందులోంచి జారిపోయింది. గూడు అదిరి రెండు గుడ్లు రాలాయి. మగది వాటి కోసం కిందికి దూకింది. అత్తమ్మ దూరంగా నిలబడి దేవుణ్ణి తలుచుకుంటోంది.

"జరుగమ్మా. గూడు కదులుతది" అంది అనుపమ.

గౌను చేతులు పైకి మడిచింది. గోలెం అంచు మీద పొట్ట ఆనించి, రెండు చేతులూ మోచేతుల దాకా నీళ్లలోకి దించింది. దించి అలాగే ఉంచింది. చుట్టూ లేచిన అలలు అణిగినా తియ్యలేదు. తరుముడు తప్పించుకోవడానికి ఆడది వచ్చి ఆ చేతుల మధ్య నీడలో ఆగింది. అనుపమ దోసిలి మూసి, నీళ్లతో సహా పైకి ఎత్తింది. నేను సీసా పట్టాను.

మగది రాలిన గుడ్లను ఒక్కొక్కటే తెచ్చి గూట్లో పెట్టుకుంటోంది. అనుపమ తడి చేతులతో అలాగే నిలబడి దాన్ని చూసింది. కొంగుతో తుడవబోతే చేతులు వెనక్కి లాక్కుంది.

"బాపు వస్తే నువ్వు చెప్పకు. నేనే చెప్త" అంది.